డేవిడ్‌రాజు అరచెయ్యి

“ఈ చేతులతో వాణ్ణి ఎత్తుకుంటే ఏమవుతుంది సార్? దాచకుండా చెప్పండి.”

గుర్రాల డాక్టర్ యుగంధర్ కిటికీ దగ్గర నిలబడి, అరచేయంత గాజు పళ్లేన్ని వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. పళ్లెం అడుగున పెన్నుతో రాసి ఉంది: షీబా, ముక్కు. లోపల సన్నటి పచ్చటి చుక్కలు, ఎవరో పసుపు చిలకరించినట్టు.

“ఏమీ కాకపోవచ్చు,” అన్నాడు చివరికి. “గుర్రాల మధ్య తిరిగేవాళ్ల ముక్కుల్లో ఈ సూక్ష్మజీవి కనిపించడం కొత్తేం కాదు. మీకు జబ్బు లేదు. అది ఊరికే వచ్చి కూర్చుంది, అంతే. మీ డాక్టరుగారు కూడా అదే చెప్పారు కదా. ముక్కులో మందు రాసుకోండి, ఇచ్చిన మందునీళ్లతో స్నానం చేయండి, చేతులు బాగా కడుక్కుని పిల్లాణ్ణి మామూలుగా ఎత్తుకోండి.”

“కాకపోవచ్చు అంటున్నారు. కాదు అనడం లేదు.”

“సైన్సు చదువుకున్నవారు మీరు. కానే కాదని నేనంటే మాత్రం నమ్ముతారా?”

నమ్మదు. అదే షీబా కష్టం. సూక్ష్మజీవుల చదువు చదివి, ఆ ఆసుపత్రిలో ల్యాబు చూసుకునే అమ్మాయి ఆమె. శ్రీకాకుళంలో కాలేజీ రోజుల్లో ఇదే జీవిని మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసి, ద్రాక్షగుత్తుల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంది. అప్పటికి పెళ్లి లేదు, ఫిన్నీ లేడు. ఇప్పుడు ఫిన్నీ ఇంట్లో పాకుతున్నాడు. చదువుకున్న ప్రతి పేజీ లేచి వచ్చి ఆ పసివాడి ఉయ్యాల పక్కన కూర్చుంటోంది.

విజయనగరం నుంచి రామతీర్థం వైపు వెళ్లే దారిలో, జీడితోటలు దాటాక, ఒక ట్రస్టు వాళ్లు నడిపే గుర్రాల ఆసుపత్రి అది. సముద్రం ఒడ్డున పిల్లల్ని తిప్పేవీ, పెళ్లికొడుకుల్ని మోసేవీ, ముసలివై రోడ్డున పడ్డవీ అక్కడికి చేరతాయి. పొద్దున్నే కొండల మీది మంచు దిగివచ్చి లాయాల్లో దూరుతుంది. అప్పుడు గుర్రాల ఒళ్లు కనిపించవు. తలలు మాత్రం తేలుతుంటాయి, లంగరేసిన పడవల ముక్కుల్లాగ. వాటి ఊపిరి పొగ పొగగా లేచి మంచులో కలిసిపోతుంది. ఎక్కడ ఊపిరి ఆగిందో, ఎక్కడ మంచు మొదలైందో తెలీదు.

గౌరి అలాగే ఒక మంచు పొద్దున వచ్చింది. కళింగపట్నం ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకు తిరిగే తెల్లటి ఆడగుర్రం. ఇసకలో పగిలిన సీసా ముక్క డెక్క పైన లోతుగా చీల్చింది. యుగంధర్ కుట్లు వేశాడు. మానవలసిన కుట్లు చీము పట్టాయి. షీబా ఆ చీముని పరీక్షకు పెట్టింది.

ఆ పరీక్ష చూడడానికి చాలా అందంగా ఉంటుంది. పళ్లెం నిండా సూక్ష్మజీవిని పచ్చికలా పెంచి, దాని మీద రకరకాల మందులు అద్దిన చిన్న తెల్ల బిళ్లలు పెడతారు. మందుకి లొంగే జీవి అయితే బిళ్ల చుట్టూ చచ్చిపోయి ఖాళీ వలయం మిగులుతుంది, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు. గౌరి పళ్లెంలో చందమామలన్నీ ఉన్నాయి. వరదగుడి మాత్రం చివరనున్న ఒక్క బిళ్లకే కట్టింది. మిగతా మందులన్నిటినీ ఆ జీవి లెక్కచేయలేదు. బిళ్ల అంచుల దాకా హాయిగా మేసింది.

మిగిలిన ఆ ఒక్క మందుతో గౌరికి సూదులు మొదలుపెట్టారు. అప్పటికే పక్క గదిలోని పెళ్లి గుర్రానికి సూది గుచ్చిన చోట వాచింది. అదే జీవి. తర్వాత ఇంకోదానికి. యుగంధర్ జబ్బువాటిని విడిగా ఉంచాడు. బకెట్లు వేరు చేశాడు, బూట్లు వేరు చేశాడు, నేలంతా మందుతో కడిగించాడు. ఆరోగ్యంగా ఉన్నవాటిని దూరంగా, జీడిచెట్ల అవతలి షెడ్డులోకి మార్పించాడు. అక్కడా ఒక గుడ్డి పొట్టి గుర్రం ముక్కులో పచ్చటి చుక్కలు దొరికాయి.

ఇది కాళ్లు లేని జీవి, రెక్కలు లేని జీవి. ఎవరో మొయ్యాలి. ఎవరు? షీబా కుళాయిలు తుడిచి చూసింది, తలుపు గడియలు చూసింది, జ్వరం చూసే పుల్లలు చూసింది. చివరికి మనుషుల ముక్కులు చూడడం మొదలుపెట్టి ముందుగా తనదే చూసుకుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని పచ్చదనం, తన ఊపిరి దారిలోనే. ఆ తర్వాత ఇంకొకరి ముక్కు చూడడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో వింత ఆట మొదలైంది. విజయనగరం కంటోన్మెంటు వీధుల్లో ఆమె అత్తవారిల్లు. షీబా గుమ్మంలోకి రాగానే ఫిన్నీ నవ్వుతూ పాక్కుంటూ వచ్చేవాడు. షీబా వెనక్కి నడిచేది. వాడు అదేదో సరదా అనుకుని ఇంకా వేగంగా పాకేవాడు. గది చుట్టూ కొడుకు ముందుకి, తల్లి వెనక్కి.

“ఏటే ఆ పారిపోడం? వాడు కొడుకా, పులా?” అనేది అత్తగారు లీలారాణి.

“ఆసుపత్రి నుంచి వచ్చాను కదత్తా, ఇంకా స్నానం చెయ్యలేదు.”

“పొద్దున్న సేసినావు, సందేళ సేసినావు. ఇంకెప్పుడు పోద్దే నీ మైల?”

షీబా పాలు గిన్నెలోకి తీసి అత్తగారి చేతికిచ్చేది. గుమ్మం అవతల కూర్చుని, వాడు చెంచాతో తాగుతుంటే గొంతు కదలడం చూసేది. భర్త స్టాన్లీ పలాసలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఫోనులో అతనికీ పూర్తిగా చెప్పలేదు. చెబితే నవ్వుతాడని కాదు, భయపడతాడని. మధ్యాహ్నాలు కునుకు పడితే ఒకే కల. గుర్రాలు వరసగా మంచులోంచి నడిచి వస్తుంటాయి, వాటి ముక్కుల్లోంచి బంగారు రజను రాలుతూ ఉంటుంది. ఎంతో బాగుంటుంది చూడడానికి. ఆ రజను గాలికి లేచి ఒకే ఇంటి కిటికీ వైపు వెళుతుంటుంది.

లాయాల్లో గుర్రాల్ని చూసుకునే డేవిడ్‌రాజుకి ఈ పచ్చచుక్కల గొడవ తెలుసు, కానీ అర్థం కాలేదు. గుర్రాలకి ఏదో సోకుతోంది, మందులు పనిచెయ్యడం లేదు. అతనికి తెలిసింది అంతే. అందుకని మరింత ప్రార్థన చేసేవాడు.

అరవై దాటిన మనిషి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, గుర్రంతో మాట్లాడుతున్నట్టే అందరితోనూ మాట్లాడేవాడు. అతని తండ్రి విజయనగరం స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కాల స్టాండుని మింగేశాక బండిని కట్టెల కింద అమ్మేశాడు గానీ గుర్రాన్ని అమ్మలేకపోయాడు. ఆ గుర్రాన్ని డేవిడ్‌రాజు పెళ్లిళ్లకి తోలాడు. ముందు బ్యాండు మేళం, పక్కన బాణాసంచా, పైన తలపాగా జారిపోతున్న పెళ్లికొడుకు. టపాకాయ పేలితే గుర్రం కళ్లు తెల్లబడేవి. అప్పుడు డేవిడ్‌రాజు అరచెయ్యి దోసిలిలా వంచి దాని ముక్కుకి ఆనించేవాడు. మందుగుండు వాసన పోయి మనిషి వాసన తగిలేది. గుర్రం ఊపిరి వదిలేది. అతని అరచేతిలో పట్టిన చెమట గుర్రాలదో తనదో అతనికే తెలిసేది కాదు.

ప్రార్థన మాత్రం భార్య దగ్గర నేర్చుకున్నాడు. మెర్సీ పడుచుగా ఉన్నప్పుడు కాన్పు కష్టమై మిషను ఆసుపత్రిలో పడి ఉంటే, ముసలి నర్సమ్మ ఒకామె కొబ్బరినూనెలో బొటనవేలు ముంచి ఆమె నుదుటి మీద పెట్టి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. బిడ్డ దక్కలేదు. మెర్సీ దక్కింది. అప్పణ్ణుంచి ఆమె కొంగు ముడిలో చిన్న నూనె సీసా ఉండేది. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి మేక ఈనలేకపోతున్నా మెర్సీ వెళ్లేది. కొన్నేళ్ల కిందట ఆమె పోయాక ఆ సీసా అతని చొక్కా జేబులోకి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి నింపుకునేవాడు.

“దూరంగా నిలబడి సేసిన ప్రార్దన ఉత్తరం ముక్క లాటిదమ్మా,” అని ఒకసారి షీబాతో అన్నాడు. “ముట్టుకుని సేసినాది, ఎదటికెల్లి మాటాడినట్టు.”

గౌరి యజమాని అసిరయ్యకి ఇందులో ఏ పేచీ లేదు. కళింగపట్నంలో వల లాగే మనిషి. చేపలు పడనప్పుడు గౌరే ఇల్లు నడిపేది. బస్సు దిగి వచ్చినప్పుడల్లా డేవిడ్‌రాజుని ఆటపట్టించకుండా ఉండలేడు.

“ఏటి బావా, నీ దేవుడికి నా గౌరి పేరు గుర్తున్నాదా, మర్సిపోనాడా?”

“నీ పేరు మర్సిపోతాడేమో గానీ దాని పేరు మర్సిపోడులే. నీకన్నా దాని మొకం బాగున్నాది.”

“సర్లే. నాను గంగమ్మ తల్లికి కోడిని మొక్కినాను. నీ ప్రార్దన, నా కోడి, డాక్టరుగోరి సూది. ఏది పన్జేసినా నాకొద్దన్లేదు.”

“కోడి ఎలాగూ నీ కడుపులోకే కదా ఎల్తాది. నీకేటి నష్టం?”

గౌరి ఆ ఇద్దరి మధ్య తల పెట్టి, ఎవరి జేబులో బెల్లముందో వెతుకుతూ ఉండేది.

ఒక తెల్లవారుజామున ఫిన్నీకి పళ్లు వస్తున్న నొప్పి. ఏడుస్తూ తల్లి వైపే చేతులు చాస్తున్నాడు. లీలారాణి భుజం మీద వేసుకుని తిప్పుతోంది. ఆ చేతుల్ని చూస్తూ ఇంట్లో నిలబడలేక, షీబా నెల్లిమర్ల మీదుగా వెళ్లే మొదటి బస్సు ఎక్కేసింది. ఆసుపత్రి గేటు దగ్గర దిగేసరికి ఇంకా ఎవరూ రాలేదు. మంచు గడ్డి మీద కూర్చుని ఉంది.

లాయాల వైపు నుంచి సన్నగా ఒక కూనిరాగం వినిపించింది. షీబా అటు నడిచింది.

మొదట తెల్లటి తల, గౌరిది. దాని ముక్కు దగ్గర దోసిలిలా వంగిన ఒక చెయ్యి. చెయ్యి వెనక డేవిడ్‌రాజు, మంచులో నడుము దాకానే ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గౌరి ఊపిరి అతని వేళ్ల సందుల్లోంచి పొగలా వస్తోంది. జేబులోంచి సీసా తీశాడు, బొటనవేలు నూనెలో ముంచాడు, ముక్కు పైన మెత్తటి చోట రాశాడు. పక్క గదిలోకి జరిగాడు. అదే చెయ్యి, అదే దోసిలి. పెళ్లి గుర్రం తానే తల దించి ముక్కుని అందులో పెట్టింది. మళ్లీ సీసా, మళ్లీ బొటనవేలు. తర్వాత అతను జీడిచెట్ల కింద నుంచి అవతలి షెడ్డు వైపు సాగాడు. అక్కడ అతనికి డ్యూటీ లేదు. గుడ్డి పొట్టి గుర్రం అడుగుల చప్పుడు విని ముందే సన్నగా సకిలించింది.

షీబా కదల్లేదు. అంత అందమైనది ఆ ఆసుపత్రిలో ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక్కొక్క దీపాన్ని వెలిగించుకుంటూ పోతున్నట్టుంది అతని నడక. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఏదో అందుతోంది, ప్రేమలాంటిదేదో, చేతి నుంచి ముక్కుకి, ముక్కు నుంచి చేతికి.

ఏదో అందుతోంది.

ఆ మాట మనసులో తిరిగి తిరిగి ఆగింది. గౌరి, పెళ్లి గుర్రం, పొట్టి గుర్రం: షీబా వేళ్ల మీద లెక్కపెట్టింది.

డేవిడ్‌రాజు వెనక్కి వస్తూ ఆమెని చూశాడు. “ఏటమ్మా ఇంత బేగి వచ్చీసినావు? మొకం అలా వాడిపోనాదేటి? గుంటడికి ఒంట్లో బాగులేదా?” అంటూ, రోజూ పొద్దున్న చేసినట్టే, బొటనవేలు నూనెలో ముంచి ఆమె నుదుటి మీద పెట్టాడు. వేలు వెచ్చగా ఉంది. షీబా పక్కకి తప్పుకోలేదు. తప్పుకోవాలని తెలుసు. ఆ ప్రార్థన అయిపోయేదాకా కళ్లు మూసుకుని నిలబడింది. తర్వాత చాలా మామూలు గొంతుతో అడిగింది:

“తాతా, ఆ సీసా ఒకసారి ఇస్తారా?”

సీసా మూతినీ అతని అరచేతినీ దూదిపుల్లతో తుడిచి పళ్లేల్లో రాసింది. మర్నాడు రెండిట్లోనూ పచ్చటి చుక్కలు. మందు బిళ్లలు పెట్టి చూసింది. గౌరిదీ, పెళ్లి గుర్రానిదీ, పొట్టి గుర్రానిదీ, తనదీ, ఇవీ పక్కపక్కన పెడితే ఒకే పోలిక. అదే బిళ్లకి వరదగుడి, మిగతావాటికి లేదు. యుగంధర్ చూసి తల పట్టుకున్నాడు.

“నేలంతా కడిగించాను షీబా గారూ. మనిషిని అడగలేదు. డ్యూటీ లేని చోటికి ఎందుకు వెళతాడని అనుకున్నాను.” పళ్లెం కింద పెట్టి అన్నాడు, “ఎవరం చెబుదాం?”

“నేను చెబుతాను.”

డేవిడ్‌రాజు చెప్పులు బయట విడిచి ల్యాబులోకి వచ్చాడు. అక్కడికి ఎప్పుడొచ్చినా గుడిలోకి వచ్చినట్టే వచ్చేవాడు. పళ్లెం మీదికి వంగి చూశాడు.

“ఏటమ్మా ఇది? పచ్చగా ముద్దొస్తన్నాది.”

“మీ చేతి మీది నుంచి తీసింది తాతా. ఇది నూనె సీసాది.”

అతను నవ్వాడు. నవ్వు ఉండగానే ఆమె మొహం చూశాడు. షీబా చెప్పడం మొదలుపెట్టింది. గౌరి ముక్కులోంచి అరచేతికి, అరచేతి నుంచి పెళ్లి గుర్రం ముక్కుకి, బొటనవేలి నుంచి సీసాలోకి, సీసాలోంచి అందరికీ. ‘కావచ్చు’, ‘అనిపిస్తోంది’ అనే మాటలు చాలా వాడింది. అవి అతని దగ్గర ఆగలేదు.

“అంటే, గౌరి కాణ్ణుంచి మిగతావాటికి మోసినోన్ని నానేనా?”

షీబాకి అబద్ధం చెప్పాలనిపించింది. “అవును తాతా,” అంది.

“ఈ సేత్తోనేనా?”

కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని బయటికి వెళ్లిపోయాడు. సీసా తీసుకోలేదు. చెప్పులు కాళ్లతోనే తొడుక్కున్నాడు.

మర్నాడు అతను పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గుర్రాలు తలలు బయట పెట్టి దారి వైపు చూసేవి. అసిరయ్య సంగతి విని వచ్చి లాయం అరుగు మీద కూలబడ్డాడు. “గౌరి కాలికి సీసా గుచ్చుకున్నాదని సముద్రం మీద కేసెడతావేటి? ఎల్లి పిలుసుకు రండి డాక్టరుగోరూ. ఆడు లేపోతే ఇది గడ్డి ముట్టదు,” అన్నాడు. కేకలేద్దామనే వచ్చాడు మరి. కేకలు వేయడానికి అతనికి మనసు రాలేదు.

ఆదివారం బాప్టిస్టు చర్చిలో షీబా అతన్ని చూసింది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేవాడు చివరి బెంచీలో, గోడవైపు ఉన్నాడు. ఆరాధన అయ్యాక అందరూ చేతులు కలుపుకుంటూ వందనాలు చెప్పుకుంటున్నారు. డేవిడ్‌రాజు తన పొందూరు తువ్వాలు కింద రెండు చేతులూ కప్పుకుని, ఎవరైనా దగ్గరికొస్తే తల మాత్రం వంచుతున్నాడు. పిల్లలు ఎప్పటిలా మీదికి ఎక్కబోతే బెంచీ చివరికి జరిగిపోయాడు.

ఆ కదలిక షీబాకి బాగా తెలుసు. రోజూ సాయంత్రం తన ఇంట్లో తనే చేసేది.

వెళ్లి అతని పక్కన కూర్చుంది.

“తాతా, మీరు పనిలోకి రావాలి.”

“వద్దమ్మా. ముట్టుకుంటే సావు అంటించే సెయ్యి నాది. ఇన్నాళ్లు మెర్సీ సేతులాటిదనుకున్నాను.”

“అలా కాదు తాతా. చెయ్యిది కాదు తప్పు. ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి వెళ్లే ముందు కడుక్కోవాలి, అంతే. సబ్బుతో బాగా తోముకుంటే పోతుంది. ముక్కులోకి మందు కూడా ఇస్తారు.”

“కడుక్కుంటే పోతాదా?”

“పోతుంది తాతా. నేను చదువుకున్నదే అది. భయపడక్కర్లేదు.”

అప్పుడే లీలారాణి ఫిన్నీని ఎత్తుకుని ఇటు వచ్చింది. తల్లిని చూసి వాడు రెండు చేతులూ చాచి ముందుకు ఉరికాడు. షీబా బెంచీ మీద వెనక్కి జరిగింది. తెలియకుండానే జరిగింది. వాడి పిడికిలి గాలిని పట్టుకుని మూసుకుంది.

డేవిడ్‌రాజు ఇద్దర్నీ చూశాడు.

“నాలుగైదు వారాల్నించీ ఇదే వరస రాజన్నా,” అంది లీలారాణి, ఇక దాచలేక. “కన్నకొడుకుని ముట్టుకోదు. పాలు గిన్నెలో పోసిస్తాది. అడిగితే సైన్సు అంటాది.”

“నీకూ అంటుకున్నాదా?” అన్నాడు డేవిడ్‌రాజు మెల్లగా. షీబా తలూపింది. ఎవరి వేలి నుంచి వచ్చిందో ఇద్దరూ పైకి అనుకోలేదు. అనుకోవలసిన అవసరం లేకపోయింది. కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము నిదానంగా తేలుతోంది. చర్చిలో ఎవరో కుర్చీలు సర్దుతున్నారు.

“నువ్వు కడుక్కుంటన్నావా?”

“రోజుకి ఎన్నిసార్లో తాతా.”

“మరి? కడుక్కుంటే పోతాదని నాకు సెప్తన్నావు. నీకు నువ్వు సెప్పుకోనేదేటమ్మా?”

షీబా ‘కాకపోవచ్చు’ అన్న మాటకీ ‘కాదు’ అన్న మాటకీ మధ్య ఉన్న సన్నటి సందు గురించి, ఆ సందులో తను ఇన్నాళ్లూ నిలబడి ఉండడం గురించి చెప్పాలనుకుంది. అది ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. తనకే ఎలా చెప్పుకోవాలో తెలియలేదు. కళ్లు మండాయి.

“లే,” అన్నాడు డేవిడ్‌రాజు. “నాకూ బయమే. ఇద్దరం ఎల్దాం, రా.”

చర్చి వెనక పెరట్లో, ప్రేమవిందు రోజుల్లో చేతులు కడుక్కునే కుళాయిలు వరసగా ఉన్నాయి. గట్టు మీద అరిగిపోయిన సబ్బు ముక్క ఉంది. ఒక కుళాయి దగ్గర అతను, పక్కదాని దగ్గర ఆమె. అతను నీళ్లు తిప్పి, అలవాటున కళ్లు మూసుకుని, పెదవులు కదపడం మొదలుపెట్టాడు. గౌరి పేరు వినిపించింది. పెళ్లి గుర్రాన్ని తలచుకున్నాడు, గుడ్డి పొట్టి గుర్రాన్ని తలచుకున్నాడు, మెర్సీని తలచుకున్నాడు, ఫిన్నీని తలచుకున్నాడు. తలచుకుంటున్నంతసేపూ వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు పైదాకా నురగ తిరుగుతూనే ఉంది. పుస్తకం చెప్పిన దానికన్నా ఎక్కువసేపే కడిగాడు. షీబా పక్కనుంచి చూస్తూ తనూ కడిగింది. నురగ బుడగల్లో ఎండ చిన్న చిన్న రంగులై తిరిగి, నీళ్లతో కాలవలోకి జారిపోయింది.

తువ్వాలు అతను ఇవ్వబోయి ఆగాడు. “ఇది నాది. నీ పమిట ఉన్నాది కదా, దాంతో తుడుసుకో.” ఆ జాగ్రత్తకి ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది.

“ఇప్పుడు ఎత్తుకో.”

లీలారాణి గుమ్మంలో నిలబడి ఉంది. షీబా వెళ్లి చేతులు చాచింది. ఫిన్నీ ఒక్క క్షణం అనుమానంగా చూశాడు, ఈవిడ మళ్లీ వెనక్కి నడుస్తుందేమో అని. తర్వాత తన బరువంతా ఆమె మీదికి వదిలేశాడు. వాడు బరువెక్కాడని ఆమెకి తెలియదు. వాడి తల వెనక కొత్తగా జుట్టు ఒత్తుగా వచ్చిందని తెలియదు. మెడ మీద వెచ్చటి ఊపిరి తగులుతుంటే, పెరట్లో ఎండా, కుళాయిల నీటి చప్పుడూ ఎక్కడో దూరాన ఉన్నట్టనిపించాయి.

డేవిడ్‌రాజు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కుడి చెయ్యి సగం లేచింది. అలాగే ఉండిపోయింది.

“కడుక్కున్నారు కదా తాతా,” అంది షీబా.

అతను వాడి తల మీద చెయ్యి వేశాడు. నూనె లేదు. మాట కూడా లేదు. ప్రార్థన కుళాయి దగ్గరే అయిపోయింది.

సోమవారం అతను పనిలోకి వచ్చాడు. యుగంధర్ ప్రతి లాయం గుమ్మానికీ ఒక కుళాయి పెట్టించాడు. జబ్బువాటిని చూసేవాళ్లకి చేతితొడుగులు ఇప్పించాడు. పొద్దున్న మంచులో ఇప్పుడూ కూనిరాగం వినిపిస్తుంది, కానీ అందులో నీళ్ల చప్పుడు కలిసి ఉంటుంది. అతను ఒక గుర్రం పేరుతో ప్రార్థన కుళాయి దగ్గర పూర్తి చేసి, చేతులు తుడుచుకుని దాని దగ్గరికి వెళతాడు. ఊరికే నిలబడతాడు, అరచేతిలో దాని ముక్కుని ఉంచుకుని. మళ్లీ వెనక్కి వచ్చి కుళాయి తిప్పుతాడు. ముక్కులోని పచ్చదనం అతనికి పోవడానికి కొన్నాళ్లు పట్టింది. షీబాకి ముందే పోయింది. కొత్త గుర్రాల పళ్లేలు ఇప్పటికి శుభ్రంగా వస్తున్నాయి. ఎప్పటికీ అలాగే ఉంటాయని యుగంధర్ అనడు, షీబా కూడా అడగడం మానేసింది. గౌరి కుంటకుండా నడిచిన రోజున అసిరయ్య దాని మెడలో బంతిపూల దండ వేసి, కోడి ఎవరి వాటా ఎంతో డేవిడ్‌రాజుతో తగువాడుతూ వ్యాను ఎక్కించుకుపోయాడు.

షీబాకి భయం పోలేదు. సాయంత్రం బస్సు దిగి ఇంటి సందులోకి తిరిగేసరికి అది మామూలుగా ఎదురొస్తుంది. కొత్త పళ్లెం, కొత్త పేరు, ఏదో ఒకటి చేతిలో పట్టుకునే వస్తుంది. ఫిన్నీ గడప దాకా వచ్చేసి ఉంటాడు. ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. ఆమె ముందుగా పెరట్లోకి వెళుతుంది. అక్కడ నిలబడినంతసేపూ డేవిడ్‌రాజు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది:

“కుళాయి కాడ ఎంతసేపన్నా నిలబడు తల్లీ. బయపడతావో, ప్రార్దన సేస్తావో, అక్కడే సేసీ. సేతులు తుడుసుకున్నాక మరింకేటీ ఆలోసించకు. బిడ్డనెత్తుకో.”